దయ్యం కథలు – ఒక మామూలు చదువరి మాట

నేను విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళకు దగ్గరగా జమాఖర్చుల మధ్య కాలం గడుపుతున్నవాణ్ణి. రససిద్ధాంతం గురించి గానీ, పాశ్చాత్య విమర్శ పద్ధతుల గురించి గానీ నాకు తెలిసింది తక్కువ. అయితే ఒక విషయంలో మాత్రం నాకు కొంత అనుభవం ఉందని చెప్పుకోగలను. అది దయ్యం కథలు, సస్పెన్సు కథలు చదవడం. పెద్దమనుషులు పదిమందిలో చెప్పుకోవడానికి మొహమాటపడే అలవాటు ఇది. ఈ పత్రికలో పద్యం మీద, గేయం మీద, నవల మీద వ్యాసాలు వస్తుంటాయి. భయం కథల మీద ఎవరూ రాసినట్టు లేదు. అందుకే ఈ సాహసం.

మాది నాగలమడిక. కర్ణాటకలో తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న ఊరు. కుక్కె, ఘాటి తర్వాత అంత్య సుబ్రహ్మణ్య క్షేత్రమని మా ఊరి పేరు కొందరైనా విని ఉంటారు. మా తాలూకాకు దాదాపు అన్ని వైపులా ఆంధ్ర దేశమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. లెక్కలు, చరిత్ర, భూగోళం కన్నడంలో నేర్చుకున్నాం. దయ్యాలను మాత్రం తెలుగులోనే నేర్చుకున్నాం. మా అవ్వ చెప్పిన ఏ దయ్యమూ కన్నడంలో మాట్లాడలేదు. ఏటి గట్టు మీద చింతమాను కింద కూర్చుని దారిన పోయేవాణ్ణి వక్కాకు అడిగే ఆడమనిషి, అర్ధరాత్రి మన వెనకే అడుగులు వేస్తూ మనం నిలిస్తే తానూ నిలిచిపోయే మనిషి, అందరూ మా అవ్వ యాసలోనే పలికేవాళ్ళు. బయటి రాష్ట్రంలో పెరిగిన తెలుగు పిల్లవాడికి మాతృభాషలో మొదట దొరికే సాహిత్యం ఇలాంటిదే కదా!

తర్వాత చందమామ వచ్చింది. మా పక్కింట్లో కన్నడ చందమామ తెప్పించేవారు. హిందూపురం నుంచి మా మామ తెలుగు చందమామ తెచ్చేవాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని బేతాళ కథ చదవడం మాకొక ఆట. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు గానీ, శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే రాజు బొమ్మను మరిచిపోయిన చందమామ పాఠకుడు ఉండడు. ఆ బొమ్మ గీసిన శంకర్ గారు 2020లో కాలం చేశారు. పాత పాతిక కథలు అయిపోయాక, అదే చట్రంలో కొత్త కథలు రాస్తూ చందమామ వారు ఆ శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు.

బేతాళ కథ గురించి పెద్దయ్యాక నాకొక సంగతి తోచింది. శ్మశానం, శవం, దయ్యం, అర్ధరాత్రి, ఇలా భయానికి కావలసిన సరంజామా అంతా అందులో ఉంది. కానీ బేతాళుడు రాజును భయపెట్టడు. కథ చెప్పి, ఇందులో న్యాయం ఎవరిది అని అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే మన సంప్రదాయంలో దయ్యం వచ్చింది గుండె ఆగిపోయేలా అరవడానికి కాదు, మనం జవాబు చెప్పక తప్పని ప్రశ్న అడగడానికి. ఈ సంగతి మనసులో పెట్టుకుని ముందుకు వెళదాం.

హైస్కూలు రోజుల్లో పుస్తకాల అద్దె అంగడి నాకు గుడి లాంటిది. రోజుకు ఇంతని ఇచ్చి పుస్తకం తెచ్చుకుని, అట్ట నలగకుండా తిరిగి ఇవ్వాలి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, మధుబాబు గారి షాడో నాకు ఇంటి మనుషులయ్యారు. వారపత్రికల్లో మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి లాంటివాళ్ళు రాసే చిన్న కథల్లో చివరి పేరాలో వచ్చే మలుపు కోసం, ఆ పేరాను అరచేత్తో మూసుకుని పైనుంచి చదివేవాణ్ణి. కళ్ళు తొందరపడి కిందికి జారతాయని భయం.

బ్యాంకులో చేరాక ఈ కథల మర్మం నా వృత్తి భాషలో అర్థమయింది. సస్పెన్సు అంటే అప్పు. రచయిత మొదటి పేరాలోనే మన దగ్గర నమ్మకాన్ని అప్పుగా తీసుకుంటాడు. 'ఆ గదిలో ఏముందో తర్వాత చెబుతాను, అంతదాకా ఓపిక పట్టు' అంటాడు. పేజీ తిప్పే కొద్దీ వడ్డీ పెరుగుతుంది. చివర్లో అసలూ వడ్డీ కలిపి తీర్చాలి. తీర్చే శక్తి లేనివాడు ఏం చేస్తాడు? 'అదంతా కల' అంటాడు. లేకపోతే, అంతవరకూ కథలో కనిపించని కవల సోదరుణ్ణి తెచ్చి నిలబెడతాడు. అదీ కుదరకపోతే, కథ చెబుతున్నవాడే చచ్చిపోయినవాడని ఆఖరి వాక్యంలో తేలుస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. పదోసారికి మొండి బాకీల పట్టిక చూసినట్టుంటుంది. నేను వందల సంఖ్యలో చదివిన ఇలాంటి కథల్లో చాలావాటి పేర్లు కూడా నాకు గుర్తు లేవు. మలుపు తెలిసిపోయాక రెండోసారి చదవడానికి అందులో ఏమీ మిగలదు.

అయితే, అప్పు సరిగా తీర్చిన కథలన్నీ మంచి కథలేనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం మారడానికి ఒక నవలా, ఒక రాత్రీ కారణం.

ఆ నవల యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగునాట పెద్ద అలజడి రేపింది. కన్నడంలోకి వచ్చింది, 1985లో కన్నడ సినిమా కూడా అయింది. మా వైపు రెండు భాషలవాళ్ళూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. చిన్న కథల మధ్య నవల ప్రస్తావన ఎందుకంటే, నా తరంవాళ్ళకు భయం రుచి చూపించిన పుస్తకం అదే. అభం శుభం తెలియని పసిపిల్ల మీద ఆస్తి కోసం చేతబడి చేయించడం, ఆ పిల్ల రోజురోజుకూ క్షీణించడం, ఒక పక్క మంత్రగాళ్ళు, మరో పక్క డాక్టర్లు. నేను తొమ్మిదో తరగతిలో దాన్ని రెండు రాత్రుల్లో చదివి, మూడో రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి అవ్వను తోడు లేపాను. అలా చదివించగలగడం చిన్న విద్య కాదు. ఆ గొప్ప యండమూరి గారికి ఇవ్వవలసిందే.

ఆ నవల మీద రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఇలాంటి రచన మూఢనమ్మకాలను పెంచుతుందన్నది ఆవిడ వాదం. దాన్ని నేను కాలేజీ రోజుల్లో చదివి కోపం తెచ్చుకున్నాను. కథను కథలా చదువుకోక ఈ గొడవంతా ఎందుకనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ మాటలో సగం నాకు సరిగానే తోస్తుంది. మిగతా సగంతో మాత్రం ఇప్పటికీ పేచీ ఉంది. కథలో దయ్యం ఉండటం తప్పు కాదని నా అభిప్రాయం. దయ్యం ఉన్నా మనిషిని మనిషిగా చూసే కథలున్నాయి, దయ్యం లేకపోయినా మనిషిని పిశాచంగా చూపే కథలున్నాయి. నమ్మకం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అది నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఇంటి తలుపు దగ్గర దొరికింది.

1990 దశకంలో కర్ణాటకలో చాలాచోట్ల ఇళ్ళ తలుపుల మీద 'నాళె బా' అని రాసుకున్న సంగతి పాఠకులలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రలో 'ఓ స్త్రీ రేపు రా' అని రాశారు. రాత్రివేళ ఒక ఆడ దయ్యం వచ్చి తలుపు తడుతుందట. ఇంట్లోవాళ్ళకు బాగా తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట. తలుపు తీసినవాడు బతకడట. తలుపు మీద 'రేపు రా' అని ఉంటే చదువుకుని వెనక్కి పోతుందట, మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకుంటుందట. తర్వాత ఇదే కథ సినిమాలకు ఎక్కింది. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ' చూసి మా పిల్లలు నవ్వుకున్నారు. కథగా చూస్తే చక్కని కల్పన. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, 'తెలిసిన గొంతు' అన్న ఒక్క ముక్కలో భయం అంతా ఇమిడి ఉంది.

మా ఊళ్ళో ఒక చిక్కు వచ్చింది. దయ్యానికి ఏ భాష వచ్చు? కొందరు కన్నడంలో రాశారు, కొందరు తెలుగులో రాశారు. మా నాన్న 'ఎందుకైనా మంచిది' అని రెండింట్లోనూ రాయించాడు. రాసింది నేనే, సుద్దముక్కతో. అప్పటికి నేను బి.కాం. పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. నమ్మకం లేదని స్నేహితులతో అనేవాణ్ణి. అక్షరాలు చెరిగిపోతే మాత్రం మళ్ళీ దిద్దేవాణ్ణి.

మార్గశిర మాసపు చలి. పావగడ నుంచి వచ్చే ఆఖరి బస్సు ఆరోజు బాగా ఆలస్యంగా వచ్చినట్టుంది. పదకొండు దాటాక తలుపు తట్టిన చప్పుడు. నేను లాంతరు దగ్గర చదువుకుంటున్నాను. "అప్పయ్యా, తలుపు తియ్యప్పా" అని పిలుపు. ఇంట్లో నన్ను పిలిచే పేరు అదే. గొంతు నాకు స్పష్టంగా తెలుసు. ఏటి అవతలి పల్లె నుంచి రోజూ పూలు తెచ్చి మా వీధిలో అమ్మే అక్కది. మా నాన్న మంచం మీద లేచి కూర్చుని వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. నేను లాంతరు వత్తి తగ్గించాను. మళ్ళీ తట్టింది. ఇంకోసారి తట్టింది. తర్వాత పక్కింటి తలుపు, ఆ పక్కింటి తలుపు. వీధి పొడుగునా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ చప్పుడు దూరమవుతుంటే నాకు కలిగింది హాయి. నిజం చెబుతున్నాను, హాయే కలిగింది.

తెల్లవారాక తెలిసింది. హిందూపురం ఆసుపత్రిలో ప్రసవించిన కూతుర్ని చూసి వస్తూ, చీకట్లో ఒంటరిగా ఏరు దాటలేక, ఆ రాత్రికి ఏ అరుగు మీదైనా తలదాచుకుందామని వచ్చింది. చివరికి గుడి మెట్ల మీద కొంగు కప్పుకుని తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున మా గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఏమప్పా, నా గొంతు నీకు గుర్తు తెలియలేదా?"

"తెలిసిందక్కా. తెలిసింది కాబట్టే తీయలేదు" అన్నాను.

ఆ జవాబు నా నోటి నుంచి వచ్చిందని ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ఆమె తిట్టలేదు. తలుపు మీద సుద్ద అక్షరాలు చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసినారు?" అని అడిగింది. నేను చెప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె మా ఇంటికి పూలు తెస్తూనే ఉంది. గడప దగ్గరకు రాగానే "నేనేనప్పా, దయ్యాన్ని కాదు" అని నవ్వేది. అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇది జరిగిన కొన్నాళ్ళకు, కాలేజీలో పైపైన చదివి వదిలేసిన ఒక ఇంగ్లీషు కథ మళ్ళీ చేతికి వచ్చింది. డబ్ల్యు. డబ్ల్యు. జాకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా', అంటే కోతి పంజా. భయం కథల్లో దీనికి మించినది లేదని చాలామంది అంటారు. మన దేశం నుంచి వచ్చిన ఒక సైనికుడు, ఫకీరు మంత్రించిన ఎండిన కోతి పంజాను ఒక ముసలి దంపతుల ఇంటికి తెస్తాడు. అది మూడు కోరికలు తీరుస్తుందట. ఇంటి మీది బాకీ తీర్చడానికి రెండు వందల పౌన్లు కావాలని ముసలాయన కోరుకుంటాడు. మర్నాడు కొడుకు పనిచేసే చోటి నుంచి మనిషి వస్తాడు. కొడుకు యంత్రంలో పడి చనిపోయాడు. కంపెనీవారు దయతో ఇచ్చే పరిహారం సరిగ్గా రెండు వందల పౌన్లు.

బ్యాంకు ఉద్యోగినైన నాకు ఈ లెక్క దగ్గర ప్రతిసారీ గుండె ఆగుతుంది. గృహరుణం తీర్చేసి కాగితాలు వెనక్కి తీసుకునేవాళ్ళను నేను ఎందరినో చూశాను. వాళ్ళలో కొందరి చేతిలోని డబ్బు ఇంటిమనిషి పోయాక వచ్చిన బీమా సొమ్ము. రుణం ముగిసిందని రసీదు ఇస్తూ వాళ్ళ కళ్ళలోకి చూడలేకపోయిన సందర్భాలున్నాయి. జాకబ్స్ దయ్యాన్ని ఎక్కడి నుంచో తేలేదు. ఒక మామూలు ఇంటి అప్పు నుంచి పుట్టించాడు.

కానీ కథ ఆయువుపట్టు చివర్లో ఉంది. కొడుకును బతికించమని ముసలామె రెండో కోరిక కోరిస్తుంది. ఆ రాత్రి తలుపు చప్పుడవుతుంది. తల్లి గడియ తీయడానికి పరుగెడుతుంది. యంత్రంలో నలిగిన శవాన్ని చూసిన తండ్రికి వచ్చింది ఎవరో, ఎలా ఉంటాడో తలచుకోవడానికే భయం. ఆమెకు గడియ అందే లోపల ఆయన మూడో కోరిక కోరుతాడు. చప్పుడు ఆగిపోతుంది. తలుపు తెరిస్తే వీధి దీపం, నిర్మానుష్యమైన దారి తప్ప ఏమీ లేదు.

కాలేజీలో చదివినప్పుడు తలుపు అవతల ఏముందోనన్న భయమే నాకు అందింది. గుడి మెట్ల మీద కూర్చున్న అక్కను చూశాక చదివితే, తలుపు ఇవతల ఉన్నవాళ్ళు కనిపించారు. తలుపు తీయాలన్న తల్లి, తీయవద్దన్న తండ్రి. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరిదీ భయమే. ఎవరిది న్యాయం? ఇది అచ్చంగా బేతాళ ప్రశ్న! జాకబ్స్ జవాబు చెప్పలేదు. కథ ముగిసినా ఆ ముసలి తండ్రి చేసింది మనల్ని వదలదు.

నా కొలబద్ద అక్కడ దొరికింది. భయం కథలన్నీ మనల్ని ఏదో ఒక తలుపు దగ్గర నిలబెడతాయి. కొన్ని కథలు 'అవతల ఉన్నది మనిషి కాదు, తీయకు' అని నేర్పి పంపిస్తాయి. కొన్ని కథలు 'అవతల ఎవరున్నారో తెలియకుండానే మూశావు కదా' అని మన మనసును మెలిపెడతాయి. మొదటి రకం ఎంత నేర్పుగా రాసినా నాకిప్పుడు రుచించడం లేదు. 'తులసిదళం' మీద నా అసంతృప్తి కూడా ఇదే. పసిపిల్ల బాధ నన్ను ఏడిపించింది. అయితే పుస్తకం మూసేసరికి నా చేతిలో మిగిలింది పిల్ల మీది జాలి కన్నా, చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరిని అనుమానించాలన్న ఆలోచనే.

మరి తెలుగులో రెండో రకం కథ ఉందా? ఉంది. దాన్ని ఎవరూ భయం కథల జాబితాలో చేర్చరు. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన కథ. దాన్ని గొప్ప కథ అని పాఠం చెప్పినవారు ఉన్నారు గానీ, అది ఎంత గొప్ప భయం కథో చెప్పినవారు నాకు తటస్థపడలేదు. నియమాలూ సిద్ధాంతాలూ గల పెద్దమనిషి రావుగారు ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళుతుంటాడు. పెట్టెలోకి ఒక బిచ్చగత్తె ఎక్కుతుంది. అందరూ ఏదో ఒకటి ఇస్తారు, ఆయన ఇవ్వడు. అది ఆయన నియమం. తుపాను విరుచుకుపడుతుంది. స్టేషనులో దిక్కు తోచని చీకట్లో, ఆయనకు తోడుగా మిగిలింది ఆ బిచ్చగత్తె ఒక్కతే. ప్రాణభయం ముందు ఆయన సిద్ధాంతాలేవీ అక్కరకు రావు. ఆమె దగ్గరితనమే ఆయనను నిలబెడుతుంది. గాలివాన వెలిశాక ఆమె శవమై కనిపిస్తుంది. పోయిన తన పర్సు కూడా ఆమె దగ్గరే దొరుకుతుంది. అయినా ఆయనకు కోపం రాదు, దుఃఖం వస్తుంది.

ఇందులో దయ్యం లేదు, మంత్రం లేదు. సస్పెన్సు మాత్రం పుష్కలంగా ఉంది. ఆ గాలి హోరు చదువుతుంటే చెవుల్లో మోగుతుంది. అయితే పద్మరాజు గారు ఆ భయాన్ని తలుపు మూయించడానికి వాడలేదు. ఎప్పటినుంచో మూసి ఉన్న ఒక మనిషి తలుపును తెరిపించడానికి వాడారు. ఆమె దొంగే అన్న సంగతి దాచలేదు. దొంగ అయినా ఆ రాత్రి ఆయనను కాపాడింది ఆమేనన్న సంగతి కూడా దాచలేదు. మా పూలక్క దొంగ కూడా కాదు. మేము బి.కాం.లు, పెద్దమనుషులం.

అప్పు, తీర్పు అని మొదట నేను చెప్పిన లెక్కకు ఎదురు నిలిచే కథ ఒకటుంది. అది కూడా చెప్పకపోతే లెక్క దాచినవాణ్ణవుతాను. రవీంద్రనాథ ఠాకూరు 1895లో రాసిన 'క్షుధిత పాషాణం'. అందులో కథ చెప్పేవాడు నిజాం కొలువులో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి. దాదాపు మన శాఖవాడే! పాడుబడిన రాజభవనంలో ఒంటరిగా బస చేస్తాడు. పగలు లెక్కలు, రాత్రి పడితే ఎప్పుడో గతించిన అంతఃపుర స్త్రీల అలికిడి, వాళ్ళ తీరని కోరికలు. ఆ రాళ్ళకు ఆకలి అని ఆఫీసులోని ముసలి గుమాస్తా హెచ్చరిస్తాడు. అసలు రహస్యం చెప్పబోయే సమయానికి, ఈ కథ వింటున్నవారి రైలు వచ్చేస్తుంది. కథ అక్కడితో సరి. రచయిత అప్పు ఎగ్గొట్టాడు! మొదట చదివినప్పుడు పుస్తకం విసిరికొట్టాను. తర్వాత తర్వాత అర్థమయింది. ఆ భవనంలో నలిగిపోయినవాళ్ళ కథకు ముగింపు చెప్పి లెక్క మూసేయడం ఠాకూరుకు ఇష్టం లేదు. కొన్ని బాకీలను ఎవరూ తీర్చలేరు, గుర్తుంచుకోవడం ఒక్కటే చేయగలరు. కల అని తేల్చే రచయిత ఎగవేతకూ దీనికీ చాలా తేడా ఉంది.

మా శాఖలో ఒక మిత్రుడు నా వాదన విని నవ్వాడు. "భయం కథ చదివితే భయం వెయ్యాల. నీతి కావాలంటే సుమతీ శతకం ఉంది కదప్పా" అన్నాడు. ఆయన మాట తీసిపారేయదగింది కాదు. రోజంతా పనిచేసి అలిసినవాడు రాత్రి ఒక గంట సరదాగా భయపడితే తప్పేముంది? నేనూ ఇప్పటికీ అలాంటివి చదువుతాను. కాని సరదా కథ పుస్తకంలో ఉన్నంతవరకే సరదా. అది వీధిలోకి వచ్చినప్పుడు దాన్ని అదుపు చేసేవాడు ఉండడు.

ఇప్పుడు మా వైపు చూడండి. తిరుమణి చుట్టుపక్కల దాదాపు పదమూడు వేల ఎకరాల్లో సౌర విద్యుత్ ఫలకాలు పరిచారు. 2018లో మొదలై, 2,050 మెగావాట్ల కేంద్రమయింది. అవ్వ చెప్పిన దయ్యాలకు నిలవడానికి చీకటి మిగల్లేదు. అయినా భయం కథ చావలేదు. చేతి ఫోనులోకి ఎక్కింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న కథ వాట్సాప్‌లో దేశమంతా పాకింది. ఆ ఏడాది జూలైలో, మన రాష్ట్రంలోనే బీదర్ జిల్లాలో, హైదరాబాదు నుంచి స్నేహితులతో వచ్చిన ఒక యువ ఇంజనీరును జనం కొట్టి చంపారు. వాళ్ళు చేసిందల్లా దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం. ఆ వార్త చదివిన రోజు నాకు సుద్దముక్క గుర్తుకు వచ్చింది. అదే కథ, అదే కట్టడి: వచ్చినవాడు మనిషిలా కనిపిస్తాడు, నమ్మకు. మా కథకు ఒక అక్క చలిలో వణికింది. ఈ కథకు ఒక ప్రాణం పోయింది.

చేతబడి, దుష్ట ఆచారాల పేరిట జరిగే అమానుషాలను అరికట్టడానికి కర్ణాటక ప్రభుత్వం 2017లో చట్టం చేసింది. 2020 జనవరి నుంచి అది అమల్లో ఉంది. మంచిదే. కానీ తలుపు తట్టిన గొంతు ఎవరిదో గుర్తుపట్టీ గడియ తీయని మనసుకు చట్టం ఏం చేస్తుంది? అక్కడ పనిచేయగలిగింది కథే. చెడగొట్టినదీ కథే కాబట్టి, బాగుచేయవలసిన బాధ్యతా దానిదే.

అందుకే ఈ పత్రిక చదువరులకు, ముఖ్యంగా కొత్తగా కథలు రాస్తున్నవారికి నాదొక మనవి. హొసూరులోనో, బళ్ళారిలోనో, కోలారులోనో, మా పావగడలోనో మీ ఇళ్ళల్లో తెలుగు దయ్యాలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవ్వలతో పాటే అవీ వెళ్ళిపోతున్నాయి. వాటిని రాయండి. చీకటినీ, చింతమానునూ, అడుగుల చప్పుడునూ ఏమాత్రం తగ్గించవద్దు. మేము బాగా భయపడాలి. కాని వక్కాకు అడిగే ఆ ఆడమనిషి ఆ చెట్టు కిందికి ఎలా చేరిందో, ఆమె బతికి ఉండగా ఎవరు తలుపు తీయలేదో, అది కూడా రాయండి. మా అవ్వను ఆ సంగతి అడగాలని నాకు చిన్నప్పుడు తోచలేదు.

పూలక్క చనిపోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. పాత ఇంటికి కొత్త తలుపులు పెట్టించేటప్పుడు, వడ్రంగి పాత తలుపును పెరట్లో గోడకు ఆనించాడు. సుద్ద ఎప్పుడో చెరిగిపోయింది. నేను పదేపదే దిద్దిన చోట మాత్రం చెక్క మీద గీతలు సన్నగా కనిపించాయి. తెలుగూ ఉంది, కన్నడమూ ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకు ఆరోజు జవాబు చెప్పలేదు. ఏం రాశామో ఇప్పుడు ఇక్కడ చెప్పాను.